జ్వరం తల్లికి, శిక్ష పాలకి

బాలింతకు జ్వరం వచ్చింది. థర్మామీటర్ 101 చూపించిందో లేదో, పొత్తిళ్లలోని బిడ్డ చేతులు మారిపోయాడు. ముందు మేనత్త చేతికి, అక్కణ్ణుంచి తాతగారి ఒళ్లోకి. తాతగారికి నాలుగు రోజులుగా ఒకటే దగ్గు. ఆ మాటకొస్తే ఆ జ్వరం ఇంట్లోకి దిగిందే ఆయన కండువా పట్టుకుని. అయినా ఆయన పెద్దవారు. పెద్దల దగ్గు అంటదు. బారసాలకు వచ్చినవాళ్లంతా వరసపెట్టి బిడ్డ బుగ్గలు ముద్దాడి, భోంచేసి వెళ్లారు. ముద్దులూ అంటవు. అంటేవి పాలొక్కటే!

“జ్వరప్పాలు పట్టకే తల్లీ, బిడ్డకు దిగుతుంది. పిండి పారబొయ్” అని తీర్పు వచ్చేస్తుంది. అప్పీలుకు వీల్లేదు. ఆ పిల్ల స్నానాలగదిలో గోడకు ఆనుకుని, రాయిలా గట్టిపడ్డ రొమ్ముల్ని ఏడుస్తూ స్టీలు గ్లాసులోకి పిండుకుని, తూములో పోస్తుంది. ఈలోపు బావమరిది బండెక్కి మెడికల్ షాపుకు. పాలపొడి డబ్బా వచ్చింది. ఎన్ని నీళ్లకు ఎన్ని చెంచాలో చదివే తీరిక ఎవరికుంది? “కాస్త పలచగా కలపండి, పసివాడికి అరగొద్దూ” అని ఓ సలహా. సగం చల్లారిన నీళ్లు, నిన్న కడిగిన పాలపీక. మూడోనాటికి బిడ్డకు విరేచనాలు. “చూశావా, మొన్న తాగిన ఆ జ్వరప్పాల మహిమ!” అని మేనత్త నిర్ధారణ.

వైరస్‌కు మన ఇంటి వరసలు తెలియవు. ఫ్లూ కానీ, కోవిడ్ కానీ, ఒళ్లు కాలడానికి ఒకటి రెండు రోజుల ముందే తల్లి ఊపిరిలోంచి బిడ్డను పలకరించి ఉంటుంది. ఆ తర్వాత తల్లి ఒళ్లు ఆ వైరస్ మీదే గురిపెట్టి యాంటీబాడీలు తయారుచేసి పాలలోకి పంపుతుంది. పాము కరిచాక విరుగుడు మందు తీసుకెళ్లి పెంట మీద పోసినట్టుంది మన జాగ్రత్త. 2020లో పేరున్న ఆస్పత్రులే కాన్పుగదిలోంచే తల్లిని ఒక అంతస్తుకూ బిడ్డను ఇంకో అంతస్తుకూ పంపాయి. విడదీయకండి, మాస్కు కట్టుకుని చేతులు కడుక్కుని పాలివ్వమనండి అని ఆ ఏడాది జూన్‌లోనే జెనీవా నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. జెనీవా ఎక్కడ, మన మేనత్త ఎక్కడ!

హెపటైటిస్-బి సంగతి మరీ విడ్డూరం. తల్లికి పాజిటివ్ అని కాగితం రాగానే పాలు బంద్. పుట్టిన 24 గంటల్లోపు బిడ్డకు టీకా, దాంతోపాటు ఇమ్యునోగ్లోబులిన్ సూది వేయిస్తే తల్లి నిక్షేపంగా పాలివ్వొచ్చు. పాలు ఆపించడంలో ఉన్న హడావుడి టీకా అడగడంలో ఉండదు. అడిగితే ఏమంటారోనని మొహమాటం కాబోలు.

ఇక నిజంగా పాలలోంచి దిగే వైరస్ ఒకటుంది, హెచ్ఐవీ. ఇక్కడైనా భయపెట్టేవాళ్లది పైచేయి కావాలి కదా? కాలేదు. హెచ్ఐవీ ఉన్న తల్లులకు డబ్బా పాలు ఉచితంగా పంచిన దేశం బోట్స్‌వానా. 2006 మొదట్లో వానలు ముంచెత్తి నీళ్లు పాడయ్యాయి. విరేచనాలతో వందలమంది పిల్లలు పోయారు. ఆస్పత్రుల్లో చేరిన పసివాళ్లలో చాలామంది తల్లిపాలు లేనివాళ్లే. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. అంతకుముందే, 1999లో, డర్బన్ పరిశోధకులు ఇంకో సంగతి తేల్చారు: అచ్చంగా తల్లిపాలే తాగిన పిల్లలకంటే, కాసేపు రొమ్ము, కాసేపు డబ్బా అని రెండూ పట్టించిన పిల్లలకే హెచ్ఐవీ ఎక్కువగా అంటింది. మన ఇళ్లలో రాజీ మార్గమని మురిసిపోయే పద్ధతి సరిగ్గా అదే. ఇప్పుడు హెచ్ఐవీ ఉన్న తల్లి, ఆ వైరస్‌ను అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు తప్పకుండా మింగుతూ ఆరు నెలలు తన పాలు మాత్రమే పట్టొచ్చని మన దేశపు కార్యక్రమమే చెబుతోంది.

పాలు ఆపాల్సిన సందర్భాలు లేవని కాదు. జపాన్‌లోని నాగసాకిలో హెచ్‌టీఎల్‌వీ-1 అనే వైరస్ కోసం 1987 నుంచి గర్భిణుల రక్తం పరీక్షిస్తూ, ఉన్నవాళ్లకు పాలివ్వొద్దని నచ్చజెప్పారు. నెలల తరబడి పాలు తాగితే దాదాపు 20 శాతం పిల్లలకు అంటుతున్న వైరస్, పాలు మాన్పిస్తే 2.5 శాతానికి దిగింది. రొమ్ము మీద హెర్పిస్ పుండు లేస్తే ఆ వైపు పట్టకూడదు. కాన్పుకు అయిదు రోజుల ముందు నుంచి రెండు రోజుల తర్వాత వరకు తల్లికి ఆటలమ్మ పోస్తే బిడ్డను కొన్నాళ్లు ఎడంగా ఉంచుతారు. అప్పుడు కూడా పిండిన పాలు పట్టొచ్చు. వీటన్నిటి వెనకా ఒక రక్తపరీక్షో, ఒక లెక్కో ఉంది. “మా కాలంలో ఇలాగే చేశాం” అన్నది ఏ ల్యాబ్ రిపోర్టులోనూ కనిపించదు.

అన్నిట్లోకీ నిజాయితీ గలది ఆ డబ్బాయే. 1992 నాటి చట్టం ప్రకారం తల్లిపాలే బిడ్డకు శ్రేష్ఠమని తన ఒంటి మీద తానే పెద్ద అక్షరాలతో రాసుకోవాలి, రాసుకుంటుంది. డబ్బాకు ప్రకటనలు నిషిద్ధం, ఉచిత శాంపిళ్లు నిషిద్ధం, ఆస్పత్రి గోడ మీద బొమ్మ నిషిద్ధం. చీటీ మీద డాక్టరుగారు గిలికే గీతకు మాత్రం ఏ పోస్టరూ సాటిరాదు. దేశంలో 88.6 శాతం కాన్పులు ఆస్పత్రుల్లోనే అయ్యాయని 2019-21 నాటి అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క. గంటలోపు తల్లిపాలు అందింది మాత్రం 41.8 శాతం పిల్లలకే. ఆస్పత్రి గడప దాకా తీసుకురాగలిగాం, గడప లోపల ఏం జరుగుతోందో ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టుకుని ఎవరికివారే చూసుకోవచ్చు.

ఏటా ఆగస్టు 1 నుంచి 7 దాకా తల్లిపాల వారోత్సవాలని ఫ్లెక్సీలు కడతారు, కేకు కోస్తారు, బాలింతల పక్కన నిలబడి ఫొటోలు దిగుతారు. ఎనిమిదో తారీకున ఎవరికో జ్వరం వస్తుంది. చీటీ మీద రాయాల్సింది మాస్కు ఒకటి, సబ్బు బిళ్ల ఒకటి. కానీ ఆ రెంటి తరఫునా బ్యాగు భుజాన వేసుకుని వచ్చి డాక్టరుగారి గది ముందు కూర్చునే కుర్రాడెవడూ లేడు.