ప్లగ్గు జేబులో పెట్టుకున్న మనిషి

ప్రతి కాలనీలోనూ ఒక సేఫ్టీ సార్ ఉంటాడు. పక్కింట్లో గ్యాస్ సిలిండర్ మారుస్తుంటే వీధిలో పిల్లల్ని నాలుగు గజాలు వెనక్కి పంపించేవాడు. వినాయకుడి పందిరికి వైరు లాగుతున్న కుర్రాణ్ణి నిచ్చెన మీంచి దించి "ఎర్త్ ఎక్కడరా?" అని నిలదీసేవాడు. పెళ్ళికి పిలిస్తే, పెళ్ళికొడుకుని చూడకముందే గోడకున్న మంటలార్పే సిలిండర్ మీద తారీఖు చూసొచ్చేవాడు.

మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో ఈ రకం కాస్త ఎక్కువ. ఊరిచుట్టూ బొగ్గు గనులు, ఊరి అంచున 2920 మెగావాట్ల థర్మల్ స్టేషను, భద్రావతిలో ఆయుధాల ఫ్యాక్టరీ, బల్లార్‌పూర్‌లో కాగితం మిల్లు. ఉద్యోగమంతా ఎర్ర అక్షరాల బోర్డుల మధ్య గడిపి రిటైరైనవాళ్ళు వీధికొకరు దొరుకుతారు. నెలనెలా పెన్షను వస్తుంది. ప్రమాదాలే రావు. వాళ్ళ దిగులంతా అదే.

మా తుకుం వైపు ఉండే సేఫ్టీ సార్ తెలుగాయన. పుట్టింది మందమర్రి బొగ్గుబాయిల దగ్గరే అయినా, ఉద్యోగం ఇటు వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్‌లో దొరికింది. ఓవర్‌మన్‌గా చేరి, లాల్‌పేటలోనూ ఘుగ్గూస్‌లోనూ పనిచేసి, చివరికి భద్రత చూసే అధికారిగా దిగారు. ఘుగ్గూస్‌లో సగం వీధులు తెలుగే మాట్లాడతాయి కాబట్టి ఆయన కేకలకు అనువాదం అవసరం పడలేదు. 1957 నాటి కోల్ మైన్స్ రెగ్యులేషన్స్ ఆయనకు కంఠతా వచ్చు. 2017లో వాటి స్థానంలో కొత్తవి వచ్చాయి కదా అని ఎవరైనా గుర్తుచేస్తే, "ఆఁ, వచ్చాయి లెండి" అంటారు, బావగారి రెండోపెళ్ళి గురించి మాట్లాడినట్టు.

ఆయనకి డాలస్‌లో ఒక కొడుకు. నాన్న ఖాళీగా ఉంటే వీధికి ప్రమాదమని గ్రహించినవాడు. కిందటిసారి వచ్చినప్పుడు పెట్టెలో ఒక యంత్రం పెట్టుకొచ్చాడు. విమానంవాళ్ళు ఒప్పుకునే 23 కిలోల్లో ఎక్కువ భాగం దానికే పోయింది. బాదంపప్పుల కోసం చుట్టూ చేరిన బంధువులకి, పెట్టె తెరవగానే కనిపించింది ఒక చిన్న ఇనప బల్ల, దానికో పొడుగాటి పిడి, అడుగున మోటారు. అత్తగారి వైపు వాళ్ళు మర్యాదగా "చాలా బాగుంది" అని, ఏమిటని అడగకుండా వెళ్ళిపోయారు.

అడగాల్సింది. చెప్పడానికి సార్ సిద్ధంగా ఉన్నారు. ఇది చెక్కలో ఏటవాలు గుంట తొలిచే మిషను. దీన్ని పాకెట్ మిషన్ అంటారు. రెండు చెక్కల్ని కలపాలంటే మన వడ్రంగి ఒకదానికి నాలుకలా చెక్కి, రెండోదానికి ఉలితో బెజ్జం కొట్టి, ఆ బెజ్జంలో నాలుకని దూర్చి బిగిస్తాడు. చెయ్యి తిరిగినవాడికే వచ్చే పని. ఈ మిషన్‌తో ఆ నేర్పు అక్కర్లేదు. ఒక చెక్క వెనకవైపు 15 డిగ్రీల వాలులో గుంట పడుతుంది. గుంటలోంచి స్క్రూ ఏటవాలుగా పోయి పక్క చెక్కని పట్టుకుని దగ్గరికి లాక్కుంటుంది. తల గుంటలోనే దాక్కుంటుంది. బిట్టు రెండంచెలది. లావుపాటి భాగం తలకి చోటు చేస్తుంది, కొసన ఉన్న సన్నటి ముక్కు స్క్రూకి దారి చేస్తుంది. ఫ్యాక్టరీల్లో వాడే పెద్ద రకాల్లో రూటర్ కట్టర్ ఊగుతూ వచ్చి గుంటని గీరేస్తుంది, దారి చెయ్యడానికి ఎదుటివైపు నుంచి వేరే డ్రిల్లు వస్తుంది. వాలు ఇంకా తక్కువ, అతుకు ఇంకా నున్నగా వస్తుంది. ఇదంతా సార్ చెప్పేసరికి టీ చల్లారుతుంది.

మొదటి గండం కరెంటు. యంత్రం పలక మీద 120 వోల్టులు అని ఉంది. మన గోడలో ఉన్నది 230. కొడుకు అమాయకంగా "అడాప్టర్ తెచ్చాను నాన్నా" అంటూ అమెరికా ప్లగ్గుకి మన పిన్నుల బొడిపె తగిలించబోయాడు. ఆ రోజు సార్ అరిచిన అరుపుకి వీధి చివర ఇస్త్రీబండి అతను కూడా ఇస్త్రీపెట్టె పైకెత్తేశాడట. "పిన్ను ఆకారం మారితే వోల్టేజీ మారుతుందా? తలపాగా చుడితే మనిషి మారతాడా?" చివరికి నాగపూర్ నుంచి ఒక స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వచ్చింది. పది ఆంపియర్లు, 120 వోల్టులు, అంటే 1200. దానికి సరిగ్గా సరిపోయేది కొనడం సార్ దృష్టిలో ఆత్మహత్య కాబట్టి 2000 ది కొన్నారు. మోటారు కార్బన్ బ్రష్షులున్న రకం కనక, 60 హెర్ట్జ్ బదులు మన 50 అయినా నడుస్తుంది. ఈ ఒక్క విషయంలో యంత్రం ఆయనకి భయపడే అవకాశం ఇవ్వలేదు. కొంచెం చిన్నబుచ్చుకున్నారు కూడా.

తరవాత సెట్టింగు మొదలైంది. మొదలైంది అన్నమాటే గానీ అయిపోయింది అన్నమాట ఆ ఇంట్లో చాలాకాలం వినపడలేదు. బల్లని నేలకి బోల్టులతో బిగించడం, రసమట్టం పెట్టి చూడటం, చెక్క వెనక ఆనే ఫెన్సు జరపడం, ఇటూ అటూ ఆపే స్టాపులు పెట్టడం. పిడి లాగగానే పైనుంచి క్లాంపు దిగి చెక్కని నొక్కిపెడుతుంది. అది గట్టిగా నొక్కితే చెక్కమీద మచ్చ, వదులుగా నొక్కితే చెక్క కదిలి బిట్టు విరుగుతుంది. వీటన్నిటికన్నా పెద్ద తగువు మందంతో వచ్చింది. యంత్రం మీద గుర్తులు అంగుళాల్లో ఉన్నాయి. ముప్పావు అంగుళం అంటే 19 మిల్లీమీటర్లు. బజారులో ప్లైవుడ్ 18 అని అమ్ముతారు. సార్ వెర్నియర్ పెట్టి కొలిస్తే 18 కూడా లేదు. దుకాణం అతను "18 అంటే సుమారుగా సాబ్" అన్నాడు. సుమారుగా అనే మాట గనిలో వింటే సార్ షిఫ్టు ఆపించేవారు. ఇక్కడ మాత్రం ఇంటికొచ్చి బిట్టుకున్న కాలర్ వదులుచేసి, అర మిల్లీమీటరు జరిపి, మళ్ళీ బిగించారు. లోతు ఎక్కువైతే స్క్రూ మొన అవతలికి పొడుచుకొస్తుంది, తక్కువైతే పట్టు చాలదు. 18 ప్లైవుడ్‌కి 32 మిల్లీమీటర్ల స్క్రూ, మరలు దూరంగా ఉన్నది. టేకుకయితే మరలు దగ్గరగా ఉన్నది. ఇది ఆయన అందరికీ చెప్పారు, కూరగాయలమ్మాయితో సహా.

ప్రతి మార్పుకీ ఒక చెత్తముక్క మీద పరీక్ష జరగాలి. ముక్కమీద మార్కర్‌తో తారీఖు, సమయం, లోతు, ఫలితం. ఇవాళ మా వీధిలో తలుపు కొట్టుకోకుండా పెట్టే ముక్క ఏ ఇంట్లో చూసినా రెండు ఏటవాలు కన్నాలూ, సార్ సంతకమూ ఉంటాయి. ఇంతా చేసి ఆయన ఒక్క స్టూలైనా చెయ్యలేదు. అది అడిగినవాళ్ళని జాలిగా చూస్తారు. స్టూలు ఎవడైనా చేస్తాడు.

నడిపే పద్ధతి చూడాలంటే ఉదయం పదిలోపు వెళ్ళాలి. చంద్రపూర్ ఎండల్లో ఆ తరవాత రేకుల షెడ్డులో నిలబడటం ఆయన నిబంధనలకే విరుద్ధం. ముందు చెక్కని కర్రతో తట్టి వింటారు. గనిలో పైకప్పుని తట్టి, డొల్ల చప్పుడు వస్తే మనుషుల్ని బయటికి పంపే అలవాటు అది. ప్లైవుడ్ లోపల పొర ఊడి ఉంటే నిజంగానే తెలిసిపోతుంది, నేను విన్నాను. తరవాత కళ్ళద్దాలు, చెవులకి మఫ్స్, ముక్కుకి మాస్కు. కలప ధూళి క్యాన్సర్ తెస్తుందని అంతర్జాతీయ సంస్థ 1995లోనే తేల్చిందని మాస్కు లోపలినుంచే చెబుతారు, మనకి వినపడదు. చేతులకి గ్లౌజులు మాత్రం ఉండకూడదు. తిరిగే బిట్టు గుడ్డని పట్టుకుంటే చేతిని వెంట తీసుకుపోతుంది. వాచీ తియ్యాలి, చొక్కా చేతులు మోచేతి పైకి మడవాలి. చున్నీతో వచ్చిన మనవరాలికి గడప బయటే దర్శనం.

ఇక బిట్టు మార్చేటప్పుడు. గనుల్లో యంత్రం బాగుచేసేవాడు స్విచ్చికి సొంత తాళం వేసి, తాళంచెవి తన దగ్గరే ఉంచుకుంటాడు. వేరెవరూ పొరపాటున ఆన్ చెయ్యలేరు. ఇంట్లో ప్లగ్గుకి తాళం లేదు కాబట్టి సార్ ప్లగ్గునే చొక్కా జేబులో పెట్టుకుంటారు. వైరు మీటరున్నర. అంటే బిట్టు మారుస్తున్నంతసేపూ ఆయన యంత్రానికి మీటరున్నర దూరం దాటి పోలేరు. ఎలన్ కీ బల్ల అవతల పడినా, కొరియర్ వచ్చినా, అంతే. "వారు మిషన్‌కి కట్టేసి ఉన్నారండీ, సంతకం నేను పెడతా" అని వాళ్ళావిడ గుమ్మంలో చెప్పడం వీధికి అలవాటైపోయింది. కొరియర్ కుర్రాడు మాత్రం మొదటిసారి భయపడ్డాడు.

సార్‌కి తగిన ప్రతినాయకుడు రాజురా నుంచి వచ్చే వడ్రంగి. రాజురా తాలూకా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఆదిలాబాద్ జిల్లాది. 1959లో చాందా (ఇప్పటి చంద్రపూర్) జిల్లాలో కలిసింది. తాలూకా ఇటు జరిగినా అతని తెలుగు అక్కడే ఉండిపోయింది. అంగుళానికి ఎనిమిది సూత్‌లు, ముప్పావంటే ఆరు సూత్, వెర్నియర్ అక్కర్లేదు. యంత్రాన్ని చుట్టూ తిరిగి చూసి అన్నాడు: "గింత బొక్కకు గంత మిషన్ ఎందుకు సారూ? బర్మా పెట్టి వంకర గుద్దితే అయితది గదా."

సార్ జవాబు చెప్పలేదు. అతని ఎడమచేతి చూపుడువేలు సగమే ఉండటం అప్పటికే గమనించారు. ఒక రిజిస్టర్ తెచ్చారు.

"ఎప్పుడు జరిగింది?"

"మస్తు రోజులైంది సారూ."

"యంత్రం?"

"గుండ్రటి రంపం."

"గార్డు ఉందా?"

"గార్డు ఉంటే పని ఆగమైతది సారూ."

"వేలు ఆగిపోయింది కదయ్యా" అన్నారు సార్, రాసుకుంటూ.

ఆ తరవాత వడ్రంగి చేతికున్న ఎర్రదారం దగ్గర గొడవ వచ్చింది. చైత్రంలో మహాకాళి జాతరకి కట్టించుకున్న దారం. నాందేడ్, ఆదిలాబాద్ వైపుల నుంచి జనం వచ్చి కొలిచే అమ్మవారు. తియ్యమంటే అతను తియ్యడు, తియ్యకపోతే ఈయన యంత్రాన్ని ముట్టుకోనివ్వరు. సార్ వాళ్ళావిడ కత్తెర తెచ్చి, అమ్మవారికి ఒక దణ్ణం పెట్టి, వేలాడే కొసలు మాత్రం ముడి దగ్గరికి కత్తిరించింది. రెండు పక్షాలూ గెలిచినట్టే ప్రకటించుకున్నాయి.

వడ్రంగి కూడా ఊరికే నేర్చుకుని పోయే రకం కాదు. సార్ మొదటిసారి నిజమైన పనికి దిగింది ఒక టేకు బల్లకి. ఈ జిల్లాలో టేకు విషయంలో ఎవరికైనా గర్వం పొంగుతుంది. అయోధ్య రాముడి గుడి తలుపులకి టేకు బల్లార్‌పూర్ డిపో నుంచే వెళ్ళింది, 2023 మార్చి 29న, ఊరేగింపుగా. తలుపులు చేయించే పని హైదరాబాద్ సంస్థది. ఆ గొప్పలో కొంత వాటా తనకీ వస్తుందన్నట్టు సార్ బల్ల పైచెక్కని చుట్టూ గుంటలు తొలిచి, స్క్రూలతో కదలకుండా బిగించెయ్యబోయారు.

"వద్దు సారూ" అన్నాడు వడ్రంగి. "ఎండకాలం కుంచుకుంటది, వానలకు ఉబ్బుతది. గట్టిగ పట్టుకుంటే పగులుతది."

నిజమే. ప్లైవుడ్‌కి ఆ బాధ లేదు గానీ, అసలు కలప వెడల్పువాటంలో పెరిగి తరుగుతూనే ఉంటుంది. చంద్రపూర్‌లాగా మే నెలలో కాలిపోయి జులైలో నానిపోయే ఊళ్ళో మరీనూ. కింది చట్రానికి ఎన్ని గుంటలైనా కొట్టుకోవచ్చు. పైచెక్కని మాత్రం చట్రం గాడిలో జారే చెక్క బిళ్ళలతో పట్టాలి, కదిలే చోటు వదలాలి. పైన ఉన్నదేదో కదులుతుంది అన్న మాట వినగానే సార్ ముఖంలో రంగు మారింది. ఆయన జీవితమంతా కదిలే పైకప్పుల కింద గడిచింది. మారుమాట్లాడకుండా స్క్రూలన్నీ తీసేసి, రిజిస్టర్‌లో "తప్పిన ప్రమాదం" అని రాసి, వడ్రంగి చేత సంతకం పెట్టించారు. తన పేరు ఏదో ఫిర్యాదులోకి ఎక్కిందని అతను వారం రోజులు రాలేదు.

వచ్చాక మిషన్ అడిగాడు. ఒక కొత్తింట్లో వంటగది అరలకి ఫ్రేములు, ప్లైవుడ్డే. చేత్తో అయితే నాలుగు రోజుల పని, దీంతో ఒక్కపూట. ఎక్కువ నవ్వినవాడే ముందు అడుగుతాడు, మామూలే. సార్ ఇస్తానన్నారు. ట్రాన్స్‌ఫార్మర్‌తో సహా, కిరాయి లేకుండా, ఒక్క షరతు మీద: తానూ వస్తారు.

ఇప్పుడు బల్లార్‌పూర్ రోడ్డు మీద ఆ బండి తరచుగా కనిపిస్తుంది. ముందు వడ్రంగి, అభ్యంతరాలకి తావులేకుండా సార్ కొనిపించిన హెల్మెట్టుతో. వెనక సార్, ఒళ్ళో ట్రాన్స్‌ఫార్మర్‌తో, చొక్కా జేబులో ప్లగ్గుతో. యంత్రం వెనకే ఆటోలో వస్తుంది. ఇంటివాళ్ళు బేరమాడితే వడ్రంగి ముందే చెప్పేస్తున్నాడు: "మిషన్‌కు పైసలొద్దు. సారుకు మాత్రం రెండుసార్లు చాయ్ పొయ్యాలె. గ్యాస్ పైపు తారీఖు అడుగుతడు, చూసిపెట్టుకోండ్రి."