ఏ ఊరు బాబూ మీది?

డాలస్ శివార్లలో సొంతిల్లు కొనుక్కున్న తెలుగు నాన్నకు ఏ జాతి మీదా పట్టింపు ఉండదు. ఈ సంగతి ఎవరూ అడక్కముందే ఆయనే చెబుతాడు. "మనకలాంటివేం లేవండీ" అంటూనే ఏయే పేటల్లో ఇల్లు కొనకూడదో వేళ్ళు మడిచి లెక్కపెడతాడు. ఎందుకని అడిగితే మనుషుల ఊసెత్తడు. స్కూల్ రేటింగ్ అంటాడు. పదికి తొమ్మిది రాని చోట జనం ఎలా బతుకుతున్నారో ఆయనకు నిజంగానే అంతుపట్టదు. ఇలాంటి నాన్నలు నాకు చాలామంది తెలుసు. ఇక్కడున్నది వాళ్ళందర్నీ కలిపి కుట్టిన ఒక్కాయన.

గరాజు ముందు బాస్కెట్‌బాల్ హూప్ పెట్టించింది ఆయనే. ఆట మీద మోజుతో కాదు, ఆడితే పిల్లలు పొడుగవుతారని ఎవరో చెప్పగా విని. రింగు పదడుగుల ఎత్తులో ఉండాలి. 1891లో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఈ ఆట కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్ పీచ్ పళ్ళ బుట్టలు తెచ్చి జిమ్‌లో బాల్కనీ కమ్మీకి కొట్టించాడు. ఆ కమ్మీ ఎత్తు పదడుగులు, అంతకుమించిన శాస్త్రం లేదు. మన నాన్న మాత్రం కొడుకు ఎత్తు చూసి ఎనిమిదికి దించాడు. హూప్ రంగు సంగతి కాలనీ ఇళ్ళ సంఘం (హెచ్‌వోఏ) వాళ్ళతో ఈమెయిళ్ళలో తేల్చుకున్నాడు.

ఆ హూప్ కిందికి ఒక సాయంత్రం కొడుకు వెంట ఒక నల్లజాతి అబ్బాయి వచ్చాడు. ఇద్దరిదీ అయిదో క్లాసు, ఒకే స్కూలు బస్సు. కొత్త మనిషిని తూచడానికి మన నాన్న దగ్గర వంశపారంపర్యంగా వస్తున్న పరికరం ఒకటుంది. ఏ ఊరు, ఇంటిపేరేమిటి, ఫలానావాళ్ళు మీకేమవుతారు? ఈ మూడింటితో కులం మాటెత్తకుండా కులం పట్టేస్తాడు. అలవాటు కొద్దీ దాన్నే బయటికి తీశాడు.

"ఏ ఊరు బాబూ మీది?" అన్నాడు ఇంగ్లీషులో.

"ఇక్కడేనండీ."

"అంతకుముందు?"

"అప్పుడూ ఇక్కడే."

"మరి మీ తాతగారిది?"

"టెక్ససే. వాళ్ళ తాతది కూడా."

పరికరం మొరాయించింది. ఆ వీధి మొత్తానికి పాతకాపు ఎవడైనా ఉంటే ఆ పిల్లాడే. వాణ్ణి పట్టుకుని, మొన్న మొన్న గ్రీన్‌కార్డు చేతికొచ్చినాయన అసలు ఊరు అడుగుతున్నాడు.

ఇంతలో లోపల్నుంచి అమ్మ కేకేసింది. "ఒరేయ్, ఎండలో ఆడకురా, నల్లబడిపోతావు!"

ఆ అబ్బాయి బంతి ఆపి, "ఏమంటున్నారు?" అన్నాడు.

"సన్‌స్క్రీన్ రాసుకోమంటోంది" అన్నాడు మనవాడు. దుబాసీ ఉద్యోగంలో వాడు చేరింది ఆ రోజే. హైస్కూలు అయ్యేదాకా సెలవు దొరకలేదు.

స్నేహం గట్టిపడింది ఇంట్లో కాదు, పార్కులో. అక్కడ ముక్కూమొహం తెలియని పిల్లలు చేరి పికప్ గేమ్ ఆడతారు. పెద్దపిల్లలిద్దరు నాయకులై ఒక్కొక్కణ్ణీ కోరుకుంటారు. ఆ అబ్బాయిని అందరికంటే ముందు పిలిచారు, చూడగానే ఆటగాడని తేల్చేసి. మనవాణ్ణి అందరికంటే చివర, ఇంకెవరూ మిగల్లేదు గనక. తీరా చూస్తే ఆ అబ్బాయి విసిరిన బంతి రింగు దరిదాపులకు పోదు. వాడి ప్రాణమంతా ఆల్జీబ్రాలో ఉంది. మనవాడికి లెక్కలంటే కడుపునొప్పి, కోర్టు మూల నుంచి మూడు పాయింట్ల షాటు మాత్రం నిద్రలో లేపినా వేస్తాడు. ఆట అయ్యాక ఇద్దరూ తిట్లు తిన్నారు. వాడు ఆడలేకపోయినందుకు సొంత జట్టు తిట్టింది, వీడు ఆడేసినందుకు ఎదుటి జట్టు తిట్టింది. ఇంటికి నడిచొస్తూ ఒకరి తిట్లు ఒకరికి అప్పజెప్పుకుని పడీ పడీ నవ్వుకున్నారు.

ఆ తర్వాత ఇద్దరూ జనం పొరపాటునే పెట్టుబడిగా పెట్టారు. ఇద్దరూ ఒకే జట్టులో పడ్డ రోజు, ఎదుటివాళ్ళు భయపడి ఆ అబ్బాయి మీదికి ఇద్దర్ని తోలేవాళ్ళు. వాడు నాలుగుసార్లు బంతిని నేలకు కొట్టి, భుజాలు ఊపి, తాపీగా మూలకు పంపేవాడు. అక్కడ స్పెల్లింగ్ బీ మొహం వేసుకుని, ఎవరూ కాపలా కాయని మనవాడు.

నాన్నకు ఇదేమీ తెలియదు. డైనింగ్ టేబుల్ దగ్గర పిల్లలిద్దరూ పుస్తకాలు తెరిస్తే తన కొడుకే పాఠం చెబుతున్నాడనుకున్నాడు. "మావాడు ఫ్రెండుకి ఫ్రీగా ట్యూషన్" అని వాట్సాప్ గ్రూపులో పెడితే దండాల బొమ్మలు వరసకట్టాయి. ఆ ట్యూషన్ ఎటునుంచి ఎటు నడుస్తోందో లెక్కల టీచరు చెప్పేదాకా ఆయనకు తట్టలేదు. చెప్పాక కూడా గ్రూపులో సవరణ వెయ్యలేదు.

2015లో ఎన్‌బీఏ జట్టు డాలస్ మావెరిక్స్ వాళ్ళు కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే డ్రాఫ్టులో సత్నామ్ సింగ్‌ను తీసుకున్నారు. ఇండియాలో పుట్టినవాడు ఎన్‌బీఏ డ్రాఫ్టులో ఎంపికవడం అదే మొదలు. పంజాబు పల్లెటూరి కుర్రాడు, ఏడడుగుల పైమాట. జిల్లా దాటితే పరాయివాడనుకునే మన నాన్నకు రాత్రికి రాత్రే సత్నామ్ "మనవాడు" అయిపోయాడు. ఫ్రిస్కోలో మావెరిక్స్ అనుబంధ జట్టు టెక్సస్ లెజెండ్స్ తరఫున ఆడుతున్నాడని తెలిసి పిల్లలిద్దర్నీ వెంటబెట్టుకెళ్ళాడు. సత్నామ్ ఎక్కువసేపు బెంచీ మీదే ఉన్నాడు. నాన్నకు ఒళ్ళు మండింది.

"చూశావా బాబూ, మనవాళ్ళకు ఛాన్సివ్వరు. మొహం చూసే లెక్కేసేస్తారు!"

"చాలా అన్యాయం అంకుల్" అన్నాడు ఆ అబ్బాయి, మొహంలో ఒక్క గీత కదలకుండా. మనవాడికి పాప్‌కార్న్ గొంతుకడ్డం పడింది.

ఆ అబ్బాయి తాతగారు ఒక పుట్టినరోజు విందులో నాన్నకు కలిశారు. టెక్సస్ వెస్టర్న్ కాలేజీ 1966 కాలేజీ బాస్కెట్‌బాల్ ఫైనల్లో అయిదుగురు నల్లజాతి ఆటగాళ్ళతో బరిలోకి దిగి, అంతా తెల్లవాళ్ళే ఉన్న కెంటకీని 72-65తో ఓడించిన వైనం బంతి బంతికీ చెప్పారు. "అప్పటికి మావాళ్ళు ఇక్కడ పెద్దగా లేరు లెండి" అన్నాడు మన నాన్న. "ఎలా ఉంటారు? మీకు తలుపు తీసిన వలస చట్టం వచ్చిందే అంతకుముందు ఏడు. దానికి ముందేడాది మా పౌరహక్కుల చట్టం. మేం ఆ తలుపు బాదీ బాదీ ఉన్నాం" అన్నారు పెద్దాయన. తన ఎంసెట్ ర్యాంకే తనను అమెరికా తెచ్చిందని ఇన్నాళ్ళూ నమ్మిన మన నాన్న, మారు మాట్లాడకుండా ఇంకో కేకు ముక్క వేయించుకున్నాడు.

పన్నెండో క్లాసు పూర్తయ్యేసరికి ఆ అబ్బాయికి ఆస్టిన్‌లో ఇంజినీరింగ్ సీటొచ్చింది. మనవాడు బాస్కెట్‌బాల్ కోచ్ అవుతానని కూర్చున్నాడు. ఇంట్లో "వాణ్ణి చూసి బుద్ధి తెచ్చుకోరా" మొదలైంది. తెలుగింట్లో పౌరసత్వం అంటే అదే, ఇంక కాగితాలక్కర్లేదు. "నువ్వైనా చెప్పు బాబూ" అని నాన్న బతిమాలితే, "ఆదివారం గట్టిగా చెబుతా అంకుల్" అని వాడు మాటిచ్చాడు. ఆదివారం ఇద్దరూ పార్కుకు పోయారు.

ఇప్పుడు ఇంటికొచ్చిన చుట్టాలకు ఆ కుటుంబాన్ని నాన్నే పరిచయం చేస్తాడు. "వీళ్ళు అందరిలాంటివాళ్ళు కాదండీ" అని గొంతు తగ్గించి ఒక కితాబు జతచేస్తాడు కూడా. మొన్న ఎదురింట్లోకి ఒక తెలుగు కుటుంబం దిగింది. ఇంటిపేరు విన్నా ఎవరో తేలలేదు. అక్కడ తెల్లవారేదాకా ఆగి గుంటూరులో అన్నయ్యకు ఫోన్ చేశాడు.