హారం లేని లెక్కలు

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లన్న పెద్దమనిషి ఈ కాలంలో రెండు పార్టీలు పెట్టాడు. ఒకటి గేమింగ్ పీసీ పార్టీ, రెండోది కన్సోల్ పార్టీ. రెంటిలో ఏది చవక అని పొరపాటున అడిగారో, ఆ పూటకి మీ భోజనం చల్లారినట్టే.

ముందు కన్సోల్ పక్షం లేస్తుంది. "పెట్టె కొను, టీవీకి తగిలించు, ఆడు. అంతే!" ఆ 'అంతే' అన్న మాట మీద నాకు అపారమైన గౌరవం. డిస్కు పట్టే ప్లేస్టేషన్ 5 మన దేశంలో 2021 ఫిబ్రవరిలో 49,990 రూపాయలకు దిగింది. తర్వాత 54,990కి ఎక్కింది. వెనకటికి కన్సోల్‌కి వయసు మీదపడేకొద్దీ ధర దిగేది. అమెరికాలో 299 డాలర్లకు పుట్టిన ప్లేస్టేషన్ 2 ధర 2009 కల్లా 99 డాలర్లకు వచ్చింది. ఐదోది మాత్రం 2020లో 499కి పుట్టి, ఐదేళ్లు నిండకముందే 549 అయింది. అయినా చవకే! టీవీ ఎలాగూ ఇంట్లో ఉంది కదా. ఆ టీవీ సరిపోదని, 4కె, 120 హెర్ట్జ్‌ది కావాలని రెండో నెలలో జ్ఞానోదయమవుతుంది. కొత్త టీవీ ఖర్చు అమ్మ సీరియల్స్ ఖాతాలో పడుతుంది.

ఇక ఆటలు. ప్లేస్టేషన్ 5తో పాటు వచ్చిన పెద్ద ఆటల ధర ఇక్కడ 4,999. పది కొంటే అక్షరాలా 49,990, అంటే పెట్టెను మరోసారి కొన్నట్టు. స్నేహితులతో ఆన్‌లైన్‌లో ఆడాలంటే, ఉచితంగా దొరికే ఆటలు తప్ప మిగతావాటికి ప్లేస్టేషన్ ప్లస్ చందా. ఇంటర్నెట్‌కి ఒకసారి డబ్బు కట్టాక, దాని మీదుగా ఆడుకోనిచ్చినందుకు సోనీకి ఇంకోసారి కట్టాలి. "డిస్కు అమ్ముకుంటే సగం డబ్బులొస్తాయి" అంటాడు మనవాడు. ఒప్పుకుంటాను, మంచి మాటే. కానీ ఆ మాట అనేవాడు కొన్నది పదివేలు మిగులుతుందని డిస్కు పట్టని డిజిటల్ ఎడిషన్! 2024 నవంబరులో వచ్చిన ప్రో మోడలైతే 699 డాలర్లు పెట్టినా డిస్కు డ్రైవు ఇవ్వలేదు. 6 గిగాహెర్ట్జ్ వైఫైకి అనుమతి లేక అది అప్పట్లో మన దేశానికి రానేలేదు. దాని తరఫున వాదించేవాళ్లకు మాత్రం ఇక్కడ కొదవ లేదు.

పీసీ పక్షానిది వేరే శాస్త్రం. "పీసీ ఆటలకొక్కదానికేనా అన్నా? చదువుకి, ఉద్యోగానికి, ఎడిటింగ్‌కి..." బీటెక్ ప్రాజెక్టు పేరు చెప్పి తెలుగు ఇళ్ల గడప దాటిన గ్రాఫిక్స్ కార్డులెన్నో తేల్చడం ఏ విచారణ కమిషన్ తరమూ కాదు. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ బజారులో షాపు షాపూ తిరిగి, ఒకడి కొటేషన్ ఇంకొకడికి చూపించి, ర్యామ్ మీద మూడు వందలు తగ్గించుకుని, ఆ విజయోత్సాహంలో మూడు వేల రూపాయల ఆర్‌జీబీ ఫ్యాన్లు బిగించుకొస్తాడు. ఎంతయిందంటే కేబినెట్ లోపలి సామాను ధరే చెబుతాడు. మానిటరు, కీబోర్డు, మౌసు, హెడ్‌సెట్, యూపీఎస్, కుర్చీ లెక్కలోకి రావు, "అవెలాగూ కావాలి కదా!" పెళ్లికెంతయిందంటే పుస్తెల ఖరీదు చెప్పి ఊరుకోవడం ఇదే. విండోస్ లైసెన్సు సంగతి అడగడం ఎలాగూ మర్యాద కాదు.

నచ్చిన భాగం నచ్చినప్పుడు మార్చుకోవచ్చన్నది ఈ పక్షం బ్రహ్మాస్త్రం. నిజమే, కార్డు మార్చుకోవచ్చు. కొత్త కార్డుకి కరెంటు చాలదు గనక ఎస్ఎంపీఎస్ మార్చుకోవచ్చు. దాని వేగాన్ని పాత ప్రాసెసర్ అందుకోలేదు గనక అదీ మార్చుకోవచ్చు. సాకెట్ కుదరదు గనక మదర్‌బోర్డు, బోర్డు డీడీఆర్5ది గనక ర్యామ్, కార్డు పొడుగు పట్టదు గనక కేబినెట్. ఇన్ని మార్చాక కూడా అది పాత పీసీయే, అప్‌గ్రేడ్ మాత్రమే చేశాడు! "ర్యామ్ తర్వాత చూసుకుందాంలే" అని ఎనిమిది జీబీతో మొదలుపెట్టిన దూరదృష్టిపరులకు 2025 చివర్లో గట్టి దెబ్బే తగిలింది. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్పులు ఎగరేసుకుపోతుంటే ర్యామ్ ధరలు భగ్గుమన్నాయి. మైక్రాన్ సంస్థయితే మామూలు కొనుగోలుదారులకు క్రూషియల్ పేరుతో అమ్మే వ్యాపారాన్నే మూసేస్తున్నానని డిసెంబరులో ప్రకటించింది.

ఇంకో చిత్రం. వాదనలో వీళ్లు చెప్పే ధర ఆర్‌టీఎక్స్ 3060ది, చూపించే బొమ్మ 5090ది. ఆ 5090 ధర 2025లో 1,999 డాలర్లు, మింగే కరెంటు 575 వాట్ల దాకా. రోజుకి నాలుగు గంటలు పూర్తి జోరుమీద నడిపితే నెలకి 69 యూనిట్లు ఒక్క కార్డుకే. మే నెల విజయవాడలో అది వదిలే వేడిని చల్లార్చే ఏసీ బిల్లు అదనం.

ఇంతలా కొట్టుకునేవాళ్లు ఒక్కసారి మూత తీసి చూడరు. ప్లేస్టేషన్ 5లోనూ ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌లోనూ ఉన్నది ఏఎండీవారి జెన్ 2 ప్రాసెసరు, ఆర్‌డీఎన్ఏ 2 గ్రాఫిక్సు. పీసీల్లో తిరిగే వంశమే! "మా ఆట మీకు లేదుగా" అని మీసం మెలేయించిన గాడ్ ఆఫ్ వార్ 2022లో పీసీకి నడిచొచ్చింది. జీటీఏ 5 కోసం పీసీవాడు 2013 నుంచి 2015 దాకా గుటకలు మింగాడు. ముందే దక్కించుకున్న కన్సోల్‌వాడు అదే ఆటను ప్లేస్టేషన్ 3కి, 4కి, 5కి వరసగా కొన్నాడు. 2024 మార్చి 31న యూబీసాఫ్ట్ సంస్థ ద క్రూ ఆట సర్వర్లు ఆపేసినప్పుడు డబ్బు పెట్టి కొన్న ఇరుపక్షాలవాళ్లూ ఒకే క్షణాన రోడ్డున పడ్డారు. వాళ్ల మధ్య సమానత్వం సాధించిన ఘనత ఆ కంపెనీదే.

ఇప్పటిదాకా చెప్పుకున్నదంతా లవం. హారం మాట ఏ పక్షమూ ఎత్తదు. పెట్టిన డబ్బుని ఆడిన గంటలతో భాగిస్తేనే కదా ఏది చవకో తేలేది! స్టీమ్ సేల్‌లో ఎనభై శాతం తగ్గింపని కొన్న ఆటల్లో తెరిచినవెన్ని? ఈఎంఐ మీద తెచ్చిన కన్సోల్‌లో ఆడిన సమయమెంత, ఆదివారం పూట అప్‌డేట్ దిగుతుంటే కునుకు తీసిన సమయమెంత? ఈ భాగహారం చేస్తే ఇద్దర్నీ ఓడించేవాడు వీధి అరుగు మీదే కూర్చున్నాడు. పగిలిన ఫోనులో బీజీఎంఐ ఆడుతున్నాడు. వాడు ఏ చర్చకీ రాడు, తీరిక లేదు.

కాబట్టి నాదొక ప్రతిపాదన. స్టీమైనా ప్లేస్టేషనైనా, ఎవరు ఏ ఆట ఎన్ని గంటలాడారో దాచకుండా రాసి పెడుతుంది. చవక మాట ఎత్తేవాడు ముందు ఆ చిట్టా బల్లమీద పెట్టాలి. పెడితే సగం గొడవ అక్కడే ఆగిపోతుంది, మిగతా సగం మొదలే కాదు. సున్నాతో భాగించడం లెక్కల్లో కుదరదు. వీళ్ల వాదనల్లో మాత్రం రోజూ కుదురుతోంది.