బ్యాటరీ చిన్నది, జిల్లా పెద్దది

కరెంటు కార్లు కొనమని సర్కారు చెప్పేది జనానికి, అద్దెకు తెచ్చుకునేది ఆఫీసర్లకి. 2017లో కేంద్ర సంస్థ ఈఈఎస్‌ఎల్ ఏకంగా 10,000 కార్లకు టెండరు పిలిచింది. టాటా, మహీంద్రాల దగ్గర కొని, ప్రభుత్వ శాఖలకు నెలవారీ అద్దెకివ్వాలని పథకం. మరుసటేడే ఎక్కిన ఆఫీసర్లు లబోదిబోమన్నారు: ఒక్క ఛార్జింగుకి 80 కిలోమీటర్లు నడవడమే గగనమట!

అదే కారు చోడవరం తాసీల్దారు గారికి ఇచ్చుంటే? అప్పట్లో కలెక్టరేటు విశాఖలో, సుమారు 50 కిలోమీటర్లు. మీటింగుకి కారులో వెళ్లడం, ఆర్టీసీ బస్సులో తిరిగి రావడం. అదృష్టవశాత్తూ 2022లో అనకాపల్లి జిల్లా అయి కలెక్టరేటే దగ్గరకొచ్చింది. బ్యాటరీని పెంచడం కంటే జిల్లాను కుదించడమే సులువు మరి!

2024 కల్లా రాష్ట్రంలో 10 లక్షల విద్యుత్ వాహనాలన్నది 2018 నాటి విధానం. 2024 వచ్చింది, ఆ 10 లక్షలు రాలేదు. బదులుగా ఇంకో విధానం వచ్చింది.

మనమే కాదులెండి. అమెరికాలో అద్దె కార్ల హెర్ట్‌జ్ 2021లో లక్ష టెస్లాలకు ఆర్డరిచ్చి, 2024 జనవరిలో 20,000 విద్యుత్ కార్లను అమ్మకానికి పెట్టేసింది. గుద్దితే రిపేరు ఖర్చు తడిసి మోపెడవుతోందట. పాపం, వాళ్లకి చోడవరం మీదుగా పోయే మన గోతుల బి.ఎన్. రోడ్డు తెలీదు.

చోడవరంలో బ్యాటరీ ఆటోవాలానడిగితే తేల్చేశాడు: “ఛార్జింగుదేముంది బాబూ, రేత్రి ఇంట్లోనే ఎక్కించేత్తాం. గోతుల్లోనే దిగిపోతంది!”