కోరంగి మడ అడవిని చూడకుండా చూసి రావడం ఎలా?

నాంపల్లి స్టేషన్లో సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే అర్ధరాత్రి దాటాక సామర్లకోటలో దించుతుంది. అక్కణ్ణించి కాకినాడ. కాకినాడ నుంచి యానాం రోడ్డు పట్టుకుని చొల్లంగి దాటితే కోరంగి. ఇంత తేలిగ్గా చేరుకోగలిగిన చోటికి ఏ సన్నాహమూ లేకుండా వెళ్లడం మంచిది కాదు. పొరపాటున అడవి కంటబడే ప్రమాదం ఉంది. అలా జరక్కుండా అబిడ్స్, నాంపల్లి పరిసర వాసుల సౌకర్యార్థం కొన్ని సూచనలు.

సరంజామా: ఆదివారం అబిడ్స్‌లో మూసిన దుకాణాల ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. అక్కడ బేరమాడి కేరళ మీద ఓ గైడు పుస్తకం కొనండి. వెళ్తున్నది కేరళకి కాదు కదా అనకండి, దాని సంగతి కింద చెప్తాను. జగదీష్ మార్కెట్లో ఫోన్‌కి నీళ్లు దూరని కవరు, సెల్ఫీ స్టిక్ తీసుకోండి. బైనాక్యులర్స్ మాత్రం వద్దు. దూరంగా ఉన్నవి దగ్గరగా కనబడితే చూడాల్సి వస్తుంది.

తిండి: మొజంజాహీ మార్కెట్ నుంచి బిస్కట్లు తీసుకెళ్లి బోటులో తినండి. కాకినాడ కాజాలు తెచ్చి అబిడ్స్‌లో తినండి.

వేళ: బయల్దేరే ముందు పోటు, పాటు ఎప్పుడో ఎవరినీ అడక్కండి. సముద్రం పోటు మీదుంటేనే అడవిలోని కాలవల్లో బోటుకి సరిపడా నీళ్లుంటాయి. పాటు తగిలితే మిగిలేది బురద. ఇది తెలిస్తే దాని ప్రకారం పొద్దున్నే లేవాలి, ఎందుకొచ్చిన తద్దినం? టిఫిన్లు కానిచ్చి, స్నానాలు చేసి, పదకొండున్నరకి జెట్టీ దగ్గరికి చేరండి. "పాటు మీదుందండి, సాయంత్రం దాకా వెళ్లదండి" అంటాడు బోటు ఆయన. "డబ్బులిస్తాం కదయ్యా" అనండి. చంద్రుడికి కూడా ఓ వంద ఇస్తే ఆయన మాట వింటాడేమో, ఎవరికి తెలుసు.

అంకెలు: "దేశంలోనే రెండో అతిపెద్ద మడ అడవి" అని గట్టిగా చెప్పండి. ఎవరూ కాదనరు. అటవీ సర్వే 2021 నివేదికలో మడ అడవులు పశ్చిమ బెంగాల్‌లో 2,114 చదరపు కిలోమీటర్లు, గుజరాత్‌లో 1,175, అండమాన్‌లో 616, ఆ తర్వాత మన ఆంధ్రప్రదేశ్‌లో 405 ఉన్నాయన్న సంగతి పక్క సీటాయనకి తెలిసే అవకాశం తక్కువ. కోరంగి అభయారణ్యం మొత్తం కలిపి 235 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. 1978 నుంచి ఉంది. ఇన్నేళ్లూ మనం వెళ్లకపోయినా బాగానే ఉంది.

పోలిక: ఇది అన్నిటికంటే ముఖ్యమైన సూచన. బోటు జెట్టీ వదిలిన మొదటి నిమిషంలోనే ఎవరో ఒకరు "అచ్చం కేరళలా ఉంది కదా!" అనాలి. ఎవరూ అనకపోతే మీరే అనండి. అప్పుడు చూడండి, అందరి ముఖాల్లోకీ ఓ నిశ్చింత వస్తుంది. ఎక్కడికొచ్చామో తేలిపోయింది మరి. ఇదే జనం అలెప్పీలో హౌస్‌బోటెక్కి "అచ్చం మన కోనసీమే" అన్నారు. కోనసీమ వెళ్లి మళ్లీ కేరళ అన్నారు. అరకులో ఊటీని తలుచుకున్నారు, ఊటీలో అరకే నయమన్నారు. లక్నవరం వేలాడే వంతెన మీద నిలబడి రిషీకేశ్ ముచ్చట్లు చెప్పుకున్నారు.

ఈ జబ్బు నాకూ ఉంది, ముదిరిపోయి ఉంది. బోటు మలుపు తిరిగి రెండు వైపులా మడచెట్లు మీదికి వంగగానే నా నోటికొచ్చిన మొదటి మాట "అమెజాన్". నేను అమెజాన్ని చూసింది పార్సిల్ పెట్టెల మీదే. పోలిక చెప్పేస్తే చూసే పని తప్పుతుంది, అదీ అందులో సుఖం. తెల్లమడ ఆకుని తిరగేసి చూస్తే సన్నటి ఉప్పు పలుకులు కనిపిస్తాయి. వేళ్లు పీల్చుకున్న ఉప్పునీటిలోంచి ఉప్పుని చెట్టు ఆకుల మీదికి గెంటేస్తుంది. బురదలో గాలి ఆడదు కాబట్టి కొన్ని వేళ్లు పైకి పొడుచుకొచ్చి ఊపిరి తీసుకుంటాయి. ఉప్పుపొన్న గింజ తల్లి కొమ్మ మీద ఉండగానే మొలకెత్తి, అలా వేలాడి వేలాడి, బాగా పొడుగయ్యాక కింద పడుతుంది. ఆ వేళ్ల మధ్య ఓ బుల్లి మగపీత, ఒక డెక్క మామూలుది, రెండోది తన ఒంటికి మించినది. ఆ పెద్ద డెక్కని పైకెత్తుతుంది, దించుతుంది, మళ్లీ ఎత్తుతుంది. దాన్ని కేరళలో దేనితో పోల్చాలో గైడు పుస్తకంలో లేదు. అందుకే దాన్ని చూడకండి.

మా బావగారు ఊరుకోలేక బోటు ఆయన్నే అడిగారు, "ఏమయ్యా, కేరళలా లేదూ?" అని.

"ఆయ్, ఏమోనండి, నేనెప్పుడూ వెళ్లలేదండి. కేరళోళ్లు మాత్రం వస్తుంటారండి."

చిత్రమేమిటంటే ఒకప్పుడు కొలబద్ద కోరంగే. ఓడలు కట్టిన రేవు, ఓడలు బాగుచేసిన రేవు. ఇటునుంచి జనం ఎంతగా రంగూన్ వెళ్లారంటే, బర్మాలో శ్రీకాకుళం మనిషైనా సరే, విశాఖ మనిషైనా సరే, తెలుగువాడైతే చాలు, "కోరంగీ" అనేవారు. ఆ రేవుని 1789లో ఒకసారి, 1839లో ఒకసారి ఉప్పెనలు ముంచేశాయి. అలల జోరుని విరిచేది ఈ మడచెట్లే, కాకినాడకి అడ్డంగా పడుకున్న హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బే. ఇలాంటివి బోటులో చెప్పకండి, రీలు పాడవుతుంది.

పక్షులు: అన్నీ కొంగలే.

జంతువులు: బావురుపిల్లి, నీటికుక్క కనబడలేదని ఫిర్యాదు చేయండి. బావురుపిల్లి రాత్రిపూట వేటాడుతుంది. మనం పదకొండున్నరకి వెళ్లాం, అయినా సరే.

సంగీతం: బ్లూటూత్ స్పీకరు తప్పనిసరి. మగపీతకి కూడా బీటు కావాలి కదా.

తిల్లచెట్టు: కొమ్మ విరవకండి. కారే పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు, ఒంటి మీద పడితే బొబ్బలు. ఇదొక్కటి నిజంగానే చెప్తున్నాను, బోటు ఆయన వద్దంటే వద్దు.

హోప్ ఐలాండ్: బోటు దిగగానే సిగ్నల్ ఉందా లేదా చూసుకోండి. గోదావరి తెచ్చిన ఇసుకే పేరుకుని దీవి అయింది కాబట్టి నేల మీద వేరే విశేషాలేం ఉండవు. సముద్రం ఉంటుంది. అది గోవాలోలా లేదని చెప్పండి. ఆ తీరాన గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లీ తాబేళ్లకి గోవా తెలియదు, పాపం.

వచ్చాక: నాంపల్లిలో రైలు దిగిన రోజే నూటెనభై ఫొటోలు ఫ్యామిలీ గ్రూపులో వదలండి. వాటిలో నూట డెబ్బయింట్లో మీరే ఉండాలి, మిగతా పదింట్లో మీ వేలు. మరో ఆదివారం అబిడ్స్ వెళ్లి ఈసారి అండమాన్ గైడు కొనండి. అక్కడ బారాటాంగ్‌లో సున్నపురాయి గుహలకి బోటు మడచెట్ల కిందనుంచే పోతుంది. ఆ బోటులో ఏమనాలో నేను వేరే చెప్పక్కర్లేదు, మా బావగారు ఇప్పటికే సాధన చేస్తున్నారు: "అచ్చం మన కోరంగే!"