కొలువుల సారు

ఇంజనీరింగ్ కళాశాలల పరిభాషలో టీపీవో అంటే ట్రైనింగ్ అండ్ ప్లేస్‌మెంట్ ఆఫీసర్, తెలుగులో చెప్పాలంటే శిక్షణ, నియామకాల అధికారి. ఈ పదవిలో శిక్షణ బయటివారు వచ్చి ఇస్తారు, నియామకం కంపెనీలు చేసుకుంటాయి. ఆ రెండూ పోగా మిగిలిన అధికారి అన్న మాట ఒక్కటే ఈయన సొంతమని చెప్పవచ్చు గానీ, అధికారం యాజమాన్యం దగ్గరే ఉంటుంది. అయినా ఇబ్రహీంపట్నం నుంచి భీమవరం దాకా, రహదారి పక్కన నాలుగంతస్తుల భవనమూ, దాని ముందొక స్వాగత కమానూ, కమాను మీదొక ఫ్లెక్సీ ఉన్న ప్రతిచోటా ఈ కోవకు చెందిన వ్యక్తి ఒకరు తప్పక ఉంటారు. ఫ్లెక్సీ ఎంత పెద్దదైతే ఆయనకు నిద్ర అంత తక్కువ.

ఈ పదవి పుట్టుకకు చారిత్రక కారణాలున్నాయి. హైదరాబాదులో సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమై కంప్యూటరు ఉద్యోగాన్ని కళ్ళెదుట భవనంగా నిలబెట్టగా, ఆ తరువాతి దశాబ్దం చివర్లో ప్రభుత్వమే విద్యార్థుల బోధన రుసుము చెల్లించే పథకం, అంటే వాడుకలో ఫీజు రీయింబర్స్‌మెంట్, విస్తరించడంతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇంజనీరింగ్ కళాశాలలు ఒక దశలో 700 దాటాయి. ఇన్నింటిలో ఏది మంచిదో తేల్చుకోవలసిన తండ్రి, వెనకటి కాలంలో పిల్లనిచ్చేవారు అబ్బాయికి పొలమెంత అని అడిగినట్టు, ప్లేస్‌మెంట్స్ ఎలా ఉన్నాయని అడగడం నేర్చుకున్నాడు. ప్రయోగశాలలు, గ్రంథాలయం, అధ్యాపకుల చదువు మొదలైన పాత ప్రశ్నలన్నీ ఈ ఒక్క ప్రశ్నలో లీనమైపోయాయి కనుక, దానికి జవాబు చెప్పడానికే ఒక మనిషిని నియమించవలసి వచ్చింది. కళాశాల కల్పించిన కచ్చితమైన ఉద్యోగం అదొక్కటేనని గిట్టనివారు అంటారు. ప్రభుత్వ డిగ్రీ కళాశాలల్లో ఇంత వైభవం లేదు. అక్కడ జవహర్ నాలెడ్జి సెంటర్ అన్న బోర్డు కింద, వృక్షశాస్త్రమో చరిత్రో చెప్పే అధ్యాపకులొకరు అదనపు బాధ్యతగా ఈ భారం మోస్తుంటారు.

టీపీవో సారును గుర్తుపట్టడం తేలిక. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో రెండు ఫోన్లు ఉంటాయి. ఒకటి కంపెనీల కోసం, రెండవది విద్యార్థుల, తల్లిదండ్రుల కోసం. మొదటిది మోగదు, రెండవది ఆగదు. గదిలో గోడ నిండా బహుళజాతి సంస్థల చిహ్నాలు, గాజు బీరువాలో జ్ఞాపికలు, వాటి మధ్య ఎవరూ తాగని నీళ్ళ సీసా కనిపిస్తాయి. గోడ మీది చిహ్నాల్లో కొన్ని ఆ కళాశాలకు నిజంగా వచ్చిన కంపెనీలవి, కొన్ని వస్తామన్నవి, మిగిలినవి ఈయన ఉత్తరం రాసినవి.

ఈయన ప్రతిభ పూర్తిగా వెల్లడయ్యేది గణాంకశాస్త్రంలో. ఆ శాస్త్రం ప్రకారం ఒక సంఖ్యల సమూహానికి ప్రతినిధిగా నిలిచే విలువలు మూడు: అన్నింటినీ కూడి ఎన్ని ఉన్నాయో అంతతో భాగిస్తే వచ్చేది సగటు, చిన్నదాని నుంచి పెద్దదాని దాకా పేర్చినప్పుడు సరిగ్గా నడుమ నిలిచేది మధ్యగతం, అన్నింటికంటె ఎక్కువసార్లు కనిపించేది బాహుళకం. వీటికి టీపీవో సారు నాలుగవదాన్ని చేర్చారు. అది ఒకే ఒక్కసారి కనిపించే గరిష్ఠం. ఎవరో ఒక కుర్రవాడు హాస్టలు గదిలో రాత్రింబవళ్ళు కోడింగ్ సాధన చేసి, కళాశాలతో నిమిత్తం లేకుండా పోటీ పరీక్ష రాసి, బెంగళూరులో ఏడాదికి 40 లక్షల జీతం తెచ్చుకున్నాడంటే, హాజరు చాలలేదని నిన్నటిదాకా వాడిచేత జరిమానా కట్టించుకున్న కళాశాలే మరునాటికల్లా వాడి బొమ్మను కమాను మీదికి ఎక్కిస్తుంది. పక్కనే యాజమాన్యంవారి బొమ్మ దానికి రెట్టింపు పరిమాణంలో ఉంటుంది. ఆ విధంగా ఫ్లెక్సీకి గరిష్ఠం, ప్రభుత్వానికి పంపే నివేదికకు మధ్యగతం, విద్యార్థి చేతికి బాహుళకం దక్కుతాయి. ఆ బాహుళకం ఏడాదికి 3 నుంచి 4 లక్షల రూపాయల నడుమ పదేళ్ళకు పైగా కదలకుండా కూర్చున్నది. ఈ లోపల ట్యూషన్ ఫీజు, పాల ప్యాకెట్టు, హాస్టలు అద్దె మాత్రం లేచి చాలా దూరం నడిచాయి.

కేంద్ర విద్యాశాఖ 2015లో ప్రకటించి, మరుసటి ఏడాది నుంచి విడుదల చేస్తున్న ఎన్‌ఐఆర్‌ఎఫ్ అనే జాతీయ ర్యాంకుల పద్ధతిలో, పట్టభద్రులు చివరికి ఏమయ్యారన్న అంశానికి నూటికి 20 పాళ్ళ విలువ ఉంది. అందులో అడిగేది సగటు జీతం కాదు, గరిష్ఠం అసలే కాదు, మధ్యగత వేతనం. ఆ నిబంధన రాసినవారెవరో టీపీవో సార్లను బాగా దగ్గరగా చూసి ఉండాలి. అయితే అదే లెక్కలో ఉద్యోగం వచ్చినవారినీ పై చదువులకు వెళ్ళినవారినీ కలిపి చూస్తారు కనుక, అమెరికా వీసా వచ్చిందని చెప్పడానికి వచ్చిన విద్యార్థిని ఈయన సొంత కొడుకును సాగనంపినంత ఆర్ద్రంగా సాగనంపుతారు.

శాతాలు కట్టే విద్య ఇంతకంటె సూక్ష్మమైనది. భిన్నంలో పైనుండేది లవం, కిందుండేది హారం. లవాన్ని పెంచాలంటే కంపెనీలు రావాలి. హారాన్ని తగ్గించడానికి పెన్సిలు, రబ్బరు చాలు. తప్పిన సబ్జెక్టులు, అంటే బ్యాక్‌లాగులు, మిగిలి ఉన్నవారు అర్హులు కారు కనుక హారంలోంచి పోతారు. గ్రూప్స్‌కు చదువుకుంటామన్నవారు, తండ్రి ఎరువుల దుకాణంలో కూర్చుంటామన్నవారు, పెళ్ళి కుదిరినవారు ఆసక్తి లేనివారుగా పోతారు. నాలుగు పరీక్షలు తప్పి ఐదవదానికి మనసు చంపుకుని రానివాడు కూడా ఆసక్తి లేనివాడే. చివరికి హారంలో మిగిలేది ఉద్యోగం వచ్చినవారూ, మరో ఇద్దరూ. ఆ ఇద్దరూ ఉండబట్టే నూటికి 98 అని రాయగలుగుతున్నారు. నూటికి నూరు అంటే ఎవరూ నమ్మరని ఈయనకు తెలుసు. లవంలోనూ ఒక సదుపాయం లేకపోలేదు: లెక్కించేది విద్యార్థులను కాదు, ఆఫర్లను, ఒకే అమ్మాయికి నాలుగు కంపెనీల నుంచి పిలుపు వస్తే ఆమె నలుగురవుతుంది.

జీతం పక్కన రాసే సీటీసీ అన్న మాటను కూడా వివరించవలసి ఉన్నది. అది ఉద్యోగి చేతికి వచ్చే మొత్తం కాదు, ఉద్యోగి మీద కంపెనీకయ్యే ఖర్చు. భవిష్యనిధికి కంపెనీ కట్టే వాటా, ఆరోగ్య బీమా, పనితీరు నచ్చితే ఇస్తామనే మొత్తం, సాధారణంగా ఐదేళ్ళ సర్వీసు నిండితే గానీ అందని గ్రాట్యుటీ, అన్నీ అందులోనే ఇమిడి ఉంటాయి. ఏడాదిన్నరలో ఉద్యోగం మారడం ఆనవాయితీ అయిన రంగంలో గ్రాట్యుటీని మొదటి రోజు జీతంలో కలిపి చూపడం, అరటిమొక్క నాటిన రోజునే గెల ధర జేబులో వేసుకోవడం వంటిది. ఈ సంగతి విద్యార్థికి తెలిసేది మొదటి నెలాఖరున. అప్పటికి టీపీవో సారు తరువాతి బ్యాచికి అదే మాట చెబుతూ ఉంటారు.

శిక్షణ విభాగానికి సీఆర్‌టీ అని పేరు. క్యాంపస్ ఎంపికలకు ముందు ఇచ్చే తర్ఫీదు అని అర్థం. ఇందులో రైళ్ళు ఎదురెదురుగా వచ్చి దాటుకుంటాయి, తొట్టి ఒక కుళాయితో నిండుతూ మరో కుళాయితో ఖాళీ అవుతుంది, పడవ ఏటికి ఎదురు వెళ్తుంది. ఇంజనీరింగ్ మూడో ఏట మళ్ళీ బడి లెక్కలేమిటన్న అనుమానం ఎవరికీ రాకూడదని దీన్ని ఆప్టిట్యూడ్ అంటారు. తరువాతిది స్వీయ పరిచయం. ప్రతి విద్యార్థి తండ్రీ రైతే, ప్రతి తల్లీ గృహిణే; అందరి బలమూ కష్టపడే తత్వం, అందరి బలహీనతా మరీ కష్టపడడం. వేదవాక్యాలకు ఏకవాక్యత కుదర్చడానికి మీమాంసకులు శతాబ్దాలు శ్రమించారు. టీపీవో సారు దాన్ని ఆరు వారాల్లో సాధిస్తారు. ఇక వేషధారణ: బ్యాచి మొత్తం మీద టై ముడి వేయడం వచ్చినవాడు ఒక్కడే కనుక, ఒకసారి పడిన ముడిని విప్పకుండా వదులు చేసి, మెడ నుంచి మెడకు మారుస్తూ సీజనంతా గడుపుతారు.

డ్రైవ్ అంటే కంపెనీ ప్రతినిధులు కళాశాలకు వచ్చి ఒకటి రెండు రోజుల్లో పరీక్షలు, ముఖాముఖీలు జరిపి ఎంపిక చేసే తతంగం. యాభై దాటిన టీపీవో సారు, ఇరవై ఆరేళ్ళు నిండని హెచ్ఆర్ అమ్మాయి కోసం తెల్లవారుజామునే కారు పంపి, కమాను దగ్గర పుష్పగుచ్ఛంతో నిలబడి, రోజంతా ‘మేడమ్, మేడమ్’ అంటూ వెంట నడుస్తారు. వీడ్కోలు కానుక ప్రాంతాన్ని బట్టి మారుతుంది: గోదావరి వైపు ఆత్రేయపురం పూతరేకులు, కృష్ణ వైపు కొండపల్లి బొమ్మ, కరీంనగర్ వైపు వెండి నగిషీ పళ్ళెం, భువనగిరి వైపు పోచంపల్లి శాలువా. ఈ నాలుగూ భౌగోళిక గుర్తింపు పొందినవే కావడం విశేషం. ప్లేస్‌మెంట్ విభాగం వల్ల ఏటా తప్పకుండా పని దొరుకుతున్నది ఈ చేతివృత్తులవారికేనన్న సంగతిని ఏ నివేదికలోనూ రాయకపోవడం అన్యాయం.

పదవ తరగతి నుంచి ఎక్కడా 60 శాతానికి తగ్గకూడదన్న కంపెనీ నిబంధన దగ్గర సగంమంది ఆగిపోతారు. మిగిలినవారిలో మెకానికల్ విద్యార్థి ఒకడు లేచి, కోర్ కంపెనీలు, అంటే తాను చదివిన శాస్త్రంతో పని ఉన్న కంపెనీలు, ఎప్పుడొస్తాయని అడుగుతాడు. టీపీవో సారు వాడివైపు, పెళ్ళిభోజనంలో పప్పు వడ్డించేవాణ్ణి ఆవకాయ అన్నం అడిగిన పిల్లవాడివైపు చూసినట్టు, జాలిగా చూసి, ముందు జావా నేర్చుకోమంటారు.

ఇంత హడావిడిలో నిజంగా ఉపయోగపడే దారులు కొన్ని మరుగున పడుతున్నాయి. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కిందికి 1973 సవరణతో ఇంజనీరింగ్ పట్టభద్రులు కూడా వచ్చారు. దాని ప్రకారం ఒక ఏడాది ఫ్యాక్టరీలోనో ప్రభుత్వరంగ సంస్థలోనో పని నేర్చుకుంటూ భృతి పొందవచ్చు. 2019 నియమాలు ఆ భృతిని పట్టభద్రులకు నెలకు కనీసం 9,000 రూపాయలుగా నిర్ణయించాయి. కనీస భృతిలో సగాన్ని కేంద్రం భరిస్తుంది. నైపుణ్య శిక్షణ కోసం 2014లో తెలంగాణలో టాస్క్, ఆంధ్రప్రదేశ్‌లో నైపుణ్యాభివృద్ధి సంస్థ ఏర్పడ్డాయి. 2024లో మొదలైన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం 21 నుంచి 24 ఏళ్ళవారికి పెద్ద కంపెనీల్లో ఏడాది అనుభవాన్ని, నెలకు 5,000 రూపాయలను ఇవ్వజూపింది. ఆ మెకానికల్ కుర్రవాడికి అప్రెంటిస్‌గిరీ అచ్చంగా సరిపోతుంది. కానీ అప్రెంటిస్‌ను ఫ్లెక్సీ మీద వేస్తే భృతి ఎంతో కూడా వేయాలి. అందువల్ల సంబంధిత సర్క్యులరు గాజు తలుపు నోటీసుబోర్డులో, గడువు తేదీ కనబడకుండా మరొక సర్క్యులరు కింద, భద్రంగా ఉంటుంది. ఆ తలుపు తాళంచెవి అటెండరు దగ్గర, అటెండరు సెలవులో.

అయినా ఈయనను కేవలం అంకెల మనిషిగా కొట్టిపారేయడం సరికాదు. 2022లో ఆఫర్ లెటర్లు అందుకున్న వేలమంది చేరే తేదీ కోసం ఏడాదికి పైగా ఎదురుచూసిన రోజుల్లో, కంపెనీ నుంచి జవాబు రాకపోతే తల్లిదండ్రులు ఫోన్ చేసింది ఈయనకే. తనకు తెలియని తేదీని రోజుకు నలభై సార్లు ఓపికగా తెలియదని చెప్పిందీ ఈయనే. సాయంత్రం ఐదు దాటి కళాశాల బస్సులు వెళ్ళిపోయాక, హారంలోంచి తాను స్వహస్తాలతో తుడిచేసిన కుర్రవాడి తండ్రి, పొలం పని ముగించుకుని వచ్చి గుమ్మం దగ్గర చెప్పులు విడిచి నిలబడతాడు.

“మావాడి సంగతి కాస్త చూడండి సార్.”

“సీజను ఇంకా అయిపోలేదండీ, ముందు లోపలికొచ్చి కూర్చోండి.”

ఆయన వెళ్ళాక సారు మొదటి ఫోన్ తీస్తారు. కంపెనీలకు కాదు, ఎనిమిదేళ్ళ కిందట చదివి వెళ్ళి, మాదాపూర్‌లో ఇరవైమంది పనిచేసే చిన్న సంస్థలో కుదురుకున్న పాత విద్యార్థికి. ‘ఒరేయ్, మనవాడొకడున్నాడు, రెండు సబ్జెక్టులు పోయాయి గానీ చేతిలో పనుంది, టెస్టింగులో ఏదైనా చూడరా’ అని బతిమాలుతారు. నాలుగైదుసార్లు అడిగితే ఒకసారి పని జరుగుతుంది. అలా కుదిరిన ఉద్యోగానికి ఆఫర్ లెటరు ఆలస్యంగా వస్తుంది, కంపెనీ పేరు ఎవరికీ తెలియదు, కుర్రవాడు అర్హుల జాబితాలోనే లేడు. కనుక అది ఏ లెక్కలోకీ రాదు. ఆ ఒక్క పనిని ఈయన ఏ ఫ్లెక్సీ మీదా వేయించుకోలేదు.

ప్రవేశాల కౌన్సెలింగ్ ముగిశాక ఫ్లెక్సీ అవసరం తీరిపోతుంది. కొత్తది కట్టే రోజున పాతదాన్ని దించి వాచ్‌మన్‌కు ఇచ్చేస్తారు. అంత దళసరి గుడ్డ బజారులో ఊరికే దొరకదు కాబట్టి అది చుట్టుపక్కల ఊళ్ళలో ఏ వరికుప్ప మీదికో, పశువుల పాక మీదికో చేరుతుంది. తడవకూడనివాటిని దాని కింద సర్ది, నాలుగు మూలలా రాళ్ళు పెట్టేముందు రైతు ఒక్క క్షణం ఆగి, బొమ్మలున్న వైపు పైకి రావాలా కిందికి ఉండాలా అని ఆలోచించి, రంగు వెలిసిపోతుందని కిందికి తిప్పుతాడు; ఆ రాత్రి వాన కురుస్తుంటే, పాకలో గేదెలు నెమరు వేసుకుంటూ, నెత్తిమీది బొమ్మల్లో నవ్వుతున్న మూడువందల యాభైమంది విద్యార్థుల కింద పొడిగా పడుకుంటాయి.