గుత్త జీపీయూ చతుష్పది: టీకా, తాత్పర్యం

మూలం

ఏడబ్ల్యూఎస్ ఈసీ2 రన్-ఇన్‌స్టాన్సెస్ --ఇమేజ్-ఐడీ (అమి సంఖ్య) --ఇన్‌స్టాన్స్-టైప్ జీ4డీఎన్.ఎక్స్‌లార్జ్ --కీ-నేమ్ పావగడ ।
ఎస్‌ఎస్‌హెచ్ -ఐ పావగడ.పెమ్ ఉబుంటు@(ఐపీ చిరునామా) ।
ఎన్విడియా-ఎస్‌ఎమ్‌ఐ ।
ఏడబ్ల్యూఎస్ ఈసీ2 టెర్మినేట్-ఇన్‌స్టాన్సెస్ --ఇన్‌స్టాన్స్-ఐడీస్ (యంత్రం సంఖ్య) ॥

అవతారిక

ఎక్కడో ఉన్న జీపీయూ సర్వరును టెర్మినల్ నుంచే అద్దెకు తీసుకుని, వాడుకుని, తిరిగి అప్పగించడం ఈ చతుష్పదికి విషయం. లక్షలు పోసి కొనకుండా పని జరుపుకోవడం ప్రయోజనం. అధికారి ఎవడంటే, ఏడబ్ల్యూఎస్ అనే అమెజాన్ క్లౌడ్ సేవలో ఖాతా తెరిచి, కార్డు జతచేసి, ‘ఏడబ్ల్యూఎస్ కాన్ఫిగర్’ అనే ఆదేశంతో తన రహస్య సంకేతాలనూ, ముంబై ప్రాంతానికి గుర్తైన ఏపీ-సౌత్-1నూ నమోదు చేసుకున్నవాడు. అంతటితో అధికారం సిద్ధించదు. కొత్త ఖాతాకు జీ తరగతి యంత్రాల కోటా సాధారణంగా సున్నా. అర్జీ పెట్టి 4 వీసీపీయూలైనా మంజూరు చేయించుకోవాలి. చాలామంది తొలి అడుగులోనే ఆగిపోయేది ఇక్కడ. మూలకారుడు ఆ ఊసే ఎత్తలేదు.

తాళానికి పావగడ పేరు పెట్టడం సాభిప్రాయం. తుమకూరు జిల్లాలోని ఈ తాలూకాలో, తిరుమణి చుట్టుపక్కల ఐదు ఊళ్ల రైతులు 2,050 మెగావాట్ల సౌర పార్కు కోసం సుమారు 13,000 ఎకరాలు ఇచ్చారు. అమ్మలేదు, గుత్తకిచ్చారు: ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు. మబ్బు కమ్మి ఫలకాలు ఊరకున్న రోజుకూ గుత్త గుత్తే. అద్దె ఆధీనానికి గాని వాడకానికి కాదన్న ఈ న్యాయమే చతుష్పదికి ప్రాణం. పార్కు దగ్గర పావగడవాడు పుచ్చుకునేవాడు, టెర్మినల్ దగ్గర చెల్లించేవాడు, అంతే భేదం.

ప్రథమ పాదం

రన్-ఇన్‌స్టాన్సెస్ = యంత్రాన్ని మేల్కొలుపుము; ఇమేజ్-ఐడీ = అది ఏ ఆపరేటింగ్ సిస్టంతో, ఏ సరంజామాతో లేవవలెనో తెలిపే అచ్చు, అనగా అమి, సంఖ్య; జీ4డీఎన్.ఎక్స్‌లార్జ్ = 4 వీసీపీయూలు, 16 జీబీ ర్యామ్, ఒక ఎన్విడియా టీ4 కార్డు గలది; కీ-నేమ్ = ముందే సృష్టించి దాచుకున్న తాళం పేరు.

విశేషం: అమి సంఖ్య ప్రాంతాన్ని బట్టి మారుతుంది. ముంబై సంఖ్య 2022 నవంబరులో తెరిచిన హైదరాబాదు ప్రాంతంలో చెల్లదు. ఉత్త ఉబుంటు అమి ఎంచుకుంటే ఎన్విడియా డ్రైవరు ఉండదు గనుక, డ్రైవరుతో వచ్చే డీప్ లెర్నింగ్ అమి మేలు. టీ4 కార్డు 70 వాట్లకు మించి తినదు, అంటే పాత సీలింగ్ ఫ్యాను పాటి. దాని సొంత మెమరీ 16 జీబీ. 700 కోట్ల పరామితుల భాషా నమూనాను 16 బిట్లలో ఎక్కిస్తే బరువులకే 14 జీబీ పోతుంది.

ఛందస్సు విషయమై ఒక మాట. ఇందులో యతి లేదు, ప్రాస లేదు. అయినా రెండు గీతల చోట ఒకటే పెడితే ఏడబ్ల్యూఎస్ ఆదేశం తప్పు పడుతుంది. అంతటి కఠిన లాక్షణికుడు అప్పకవి కాలంలోనూ లేడు. ఆదేశాలను తెరమీద ఆంగ్ల లిపిలోనే కొట్టాలి.

ద్వితీయ పాదం

అన్వయం: పావగడ.పెమ్ అను తాళముతో, ఉబుంటు అను పేరున, ఆ చిరునామా గల యంత్రములో ప్రవేశింపుము.

శంక: తాళం సరైనదే, అయినా ఎస్‌ఎస్‌హెచ్ నిరాకరిస్తుందేమి? సమాధానం: ఆ ఫైలును ఇతరులు కూడా చదవగలిగేలా ఉంచితే అది ఒప్పుకోదు. ‘సీహెచ్‌మాడ్ 400’ అని అనుమతులు బిగించాలి. మరో శంక: నిరాకరణ కూడా లేక ఊరికే వేచి ఉంటుందేమి? సెక్యూరిటీ గ్రూపులో 22వ పోర్టు తెరవలేదు. తనంతట తాను వచ్చే గ్రూపు బయటివారిని రానివ్వదు. తన ఐపీ చిరునామాకు మాత్రమే ఆ పోర్టు తెరుచుకోవడం క్షేమం.

లోపలికి వెళ్లాక ‘టీమక్స్’ తెరిచి అందులో పని మొదలుపెట్టడం శిష్టాచారం. లేదంటే ఊళ్లో కరెంటు పోయి నెట్ తెగినప్పుడు, నడుస్తున్న శిక్షణ కూడా తెగిపోతుంది. అద్దె మాత్రం తెగదు.

తృతీయ పాదం

కార్డు పేరు, మెమరీ వాడకం, వేడి చూపుతుంది. టీకా అక్కరలేదు.

చతుర్థ పాదం

టెర్మినేట్-ఇన్‌స్టాన్సెస్ = యంత్రాన్ని శాశ్వతంగా అప్పగించుము. ‘స్టాప్-ఇన్‌స్టాన్సెస్’ అని పాఠాంతరం. అది దుష్టపాఠం కాదు గాని ఫలం వేరు: యంత్రం అద్దె ఆగుతుంది, డిస్కు అద్దె ఆగదు. ‘ఎగ్జిట్’ అన్న పాఠం మాత్రం ప్రమాదకరం. దానివల్ల మనిషి బయటికి వస్తాడు, యంత్రం నడుస్తూనే ఉంటుంది. ల్యాప్‌టాప్ మూత వేయడమూ అంతే. అద్దెను సెకన్లలో లెక్కిస్తారు, కనీసం 60 సెకన్లకు. రాత్రంతా ఖాళీగా నడిచిన యంత్రానికి రాత్రంతా బిల్లు పడుతుంది.

తాత్పర్యం: పని ముగియగానే ఫలితాలను ‘ఎస్‌సీపీ’తో సొంత కంప్యూటరుకు దింపుకుని, ఆ తర్వాతే నాలుగో పాదం పఠించాలి. టెర్మినేట్ చేస్తే మూల డిస్కు మామూలుగా యంత్రంతోపాటే చెరిగిపోతుంది, తిరిగి రాదు. తర్వాత విడిగా జతచేసిన డిస్కులు మాత్రం మిగిలిపోతాయి. ‘డిలీట్-వాల్యూమ్’ అని విడిగా చెప్పేదాకా వాటి అద్దె నడుస్తుంది.